నెపోలియన్ సిపాయిలు సొంతంగా రాసుకున్నవి: ఎక్కడ మొదలుపెట్టాలి, ఎంత నమ్మాలి?

మాధవరం మనవడు అడిగారు:

మా అమ్మ వాళ్ళ నాన్న పటాలంలో చేశాడు. 1942లో సింగపూర్‌లో జపాన్ వాళ్ళకి చిక్కి, యుద్ధం ముగిసేదాకా ఖైదులోనే ఉన్నాడు. మా ఊరికి దగ్గర్లోనే మిలిటరీ మాధవరం, అందుకని మా వైపు ఇంట్లో ఒక సిపాయి ఉండడం వింతేమీ కాదు. వింత ఏంటంటే తాతయ్య ఎప్పుడూ యుద్ధం గురించి చెప్పేవాడు కాదు, తిండి గురించే చెప్పేవాడు. పురుగులు పట్టిన బియ్యం ఇస్తే ఏరకుండానే వండుకునేవాళ్ళట. ఎందుకు తాతయ్యా అంటే "ఏరితే మిగిలేదేముందిరా" అనేవాడు. ఒకసారి ఎవరికో కొబ్బరి ముక్క దొరికితే దాన్ని ఎలా పంచుకున్నారో గంటసేపు చెప్పగలడు. తుపాకీ పేల్చావా అంటే మాత్రం లేచి పశువుల దగ్గరికి వెళ్ళిపోయేవాడు.

ఈ మధ్య నెపోలియన్ మీద ఒక పెద్ద పుస్తకం చదివాను. ఆస్టర్‌లిట్జ్, వాటర్‌లూ, సెయింట్ హెలెనా, అంతా ఆయనే. 1812లో రష్యా మీదికి ఐదారు లక్షల మందిని నడిపించాడని ఒక వాక్యం, తిరిగొచ్చింది కొద్దిమందే అని ఇంకో వాక్యం. మరి ఆ మధ్యలో నడిచినవాడు ఏం తిన్నాడు? ఎక్కడ పడుకున్నాడు? శత్రువుకి దొరికిపోయినవాడు ఏళ్ళ తరబడి ఎలా బతికాడు? మామూలు సిపాయిలు రాసుకున్నవి చాలానే ఉన్నాయని విన్నాను. ఎవరితో మొదలుపెట్టమంటారు?

ఇంకో అనుమానం కూడా ఉంది. ఇవన్నీ ముసలాళ్ళయ్యాక రాసినవి కదా. మా తాతయ్యే ఒక కథని ఒక్కో పెళ్ళిలో ఒక్కోలా చెప్పేవాడు. వీళ్ళని ఎంతవరకు నమ్మొచ్చు?

నేన్ నది ఒడ్డున జవాబు:

నేను పద్నాలుగేళ్ళుగా ఇంగ్లండ్‌లోని పీటర్‌బరోలో ఉంటున్నాను, ఆసుపత్రి ఫార్మసీలో ఉద్యోగం. మీరడిగిన దాంట్లోకి నేనొచ్చింది పుస్తకాల దారిన కాదు, ఎముకల దారిన. అది చివర్లో చెప్తాను.

ముందు యాకోబ్ వాల్టర్‌ని చదవండి. ఆయన ఫ్రెంచివాడు కాదు, జర్మన్ దేశాల్లో ఒకటైన వ్యూర్టెంబెర్గ్‌లో రాళ్ళు చెక్కే పనివాడు. వాళ్ళ రాజు నెపోలియన్‌కి మిత్రుడు, అంటే అడిగినప్పుడల్లా అడిగినన్ని తలలు పంపాల్సినవాడు. 1806లో పద్దెనిమిదేళ్ళకే వాల్టర్‌ని పట్టుకెళ్ళారు. తర్వాత 1809లో ఒకసారి, చివరికి 1812లో రష్యాకి. ఎవరి మీద ఎవరికి కోపమో, ఎందుకు వెళ్తున్నారో ఆయనకి పట్టదు. మనం కూలికి వెళ్ళినప్పుడు మేస్త్రీ అప్పుల గురించి అడగం కదా, అలాగే.

రష్యా అనగానే మనందరికీ మంచు గుర్తొస్తుంది. వాల్టర్ కథలో ఆకలి మంచుతో మొదలవదు. జూన్ 24న సైన్యం నీమెన్ నది దాటడం మొదలుపెట్టింది. నడి వేసవి. తిండి బళ్ళు వెనకబడిపోయాయి. ముందు వెళ్ళిన దండు ఊళ్ళన్నీ ఊడ్చేసింది, వెనక వచ్చేవాడికి గోడలే మిగిలాయి. తాగడానికి నీళ్ళు లేక చిత్తడి నేలలో మూడడుగుల గుంటలు తవ్వుకున్నారు. వెచ్చగా, ఎర్రగా ఊరిన ఆ నీళ్ళ నిండా సన్నటి ఎర్ర పురుగులు. గుడ్డ అడ్డం పెట్టుకుని నోటితో పీల్చుకున్నారు. ఇది ఊహించి రాయగలిగేది కాదు, ఆ గుడ్డ నోట్లో పెట్టుకున్నవాడే రాయగలడు.

దాచుకున్న తిండి కోసం రైతుల ఇళ్ళలో ఎలా వెతికారో, ఎలా లాక్కున్నారో కూడా రాశాడు. తన చేతికంటిన మట్టిని దాచుకోలేదు.

నవంబరు చివర్లో, బెరెజీనా నది దగ్గరికి వచ్చేసరికి ఆయనకి నెపోలియన్ కనిపిస్తాడు. చిరిగిన బట్టలతో, కాళ్ళకి పేలికలు చుట్టుకుని పోతున్న సైన్యాన్ని పక్కన నిలబడి చూస్తున్నాడు. ఆ మనసులో ఏముందో చెప్పడం కుదరదంటాడు వాల్టర్, పైకి మాత్రం తనకేమీ పట్టనట్టే కనిపించాడట. అంతే, మళ్ళీ రొట్టె గురించి మొదలుపెడతాడు. ఈ ఒక్క చోటు చూసే ఆయన మీద నాకు గురి కుదిరింది. వేరేవాళ్ళయితే ఇక్కడ రెండు పేజీల కన్నీళ్ళు కార్చేవాళ్ళు.

వ్యూర్టెంబెర్గ్ నుంచి వెళ్ళింది పదిహేను వేలకు పైగా, తిరిగి ఇళ్ళకి చేరింది కొన్ని వందలు. వాల్టర్ ఆ వందల్లో ఒకడు. ఆయన కొడుకు అమెరికా వలస వెళ్ళాడు, ఆ రాత కూడా అక్కడికే చేరింది. చివరికి 1938లో కాన్సస్‌లో అచ్చయింది.

రెండోవాడు సార్జెంటు బూర్గోన్. ఈయన ఇంపీరియల్ గార్డు, అంటే నెపోలియన్ సొంతంగా ఏరి పెట్టుకున్న దండు, బంతిలో ముందు కూర్చునే బాపతు. వాల్టర్ లాంటివాళ్ళకి అడుగంటిన గిన్నె దొరికితే, వీళ్ళకి ఎంతో కొంత దొరికేది. ఈ తేడా గుర్తుపెట్టుకుని చదవాలి. అక్టోబరు 19న సైన్యం మాస్కో వదిలింది. దారిలో వీపు నొప్పెట్టి తన సంచి విప్పి చూసుకుంటాడు. పంచదార, బియ్యం, కొన్ని బిస్కెట్లు, సగం సీసా మద్యం, బంగారు వెండి జరీతో కుట్టిన చీనా పట్టు ఆడగౌను, వెండి పటాలు, పింగాణీ కూజా, మాస్కోలోని ఇవాన్ గోపురం శిలువ మీదనుంచి ఊడిన రేకు ముక్క. బరువు తగ్గించుకోవాలి కదా, మరి ఏం పారేశాడో తెలుసా? కవాతుకి వేసుకునే తెల్ల ప్యాంటు! ఇప్పట్లో దీంతో పని పడదులే అనుకున్నాడట. గౌను మాత్రం ఉంచుకున్నాడు. పెళ్ళాం పిల్లలకి గల్ఫ్ నుంచి సామాను మోసుకొచ్చే మనవాళ్ళ పెట్టెలు గుర్తొచ్చి నవ్వాను. కొన్ని వారాలకి అదే మనిషి, చచ్చిన గుర్రం నెత్తురు గిన్నెలోకి పట్టి, కాసింత ఉడికిందో లేదో కొసాక్కులు (రష్యా గుర్రపు దండు) వస్తున్నారంటే చేత్తోనే మింగాడు. గడ్డాల నిండా నెత్తురు. ఆకలి రుచెరగదంటారు, ఆ సామెతని ఇంత పచ్చిగా నేనెక్కడా చూడలేదు.

ఇక నమ్మకం సంగతి. నాదొక లెక్క ఉంది. కడుపు గురించి, కాళ్ళ గురించి, చెప్పుల గురించి రాసింది నమ్ముతాను. "చక్రవర్తి నన్ను చూసి ఆగాడు, నా చెవి పట్టుకుని లాగాడు" అని మొదలైతే సగానికి సగం తీసేస్తాను. క్వాన్యే అని ఇంకొకాయన ఉన్నాడు. చిన్నప్పుడు గొర్రెలు కాశాడు, గుర్రాల సాలలో పని చేశాడు, ముప్పై దాటేదాకా చదువే రాదు. 1848లో భార్య పోయాక, డెబ్బై దాటిన వయసులో రాయడానికి కూర్చున్నాడు. నెపోలియన్ పెట్టిన లెజియన్ ఆఫ్ ఆనర్ పతకం అందుకున్న మామూలు సిపాయిల్లో మొదటివాణ్ణి నేనే అంటాడు. చదువుతుంటే రచ్చబండ దగ్గర కూర్చున్నట్టు హాయిగా ఉంటుంది. కానీ ఆ రచ్చబండ ముసలాయనని ఎంత నమ్ముతామో ఈయన్నీ అంతే నమ్మాలి.

ఇక ఎముకలు. ఇక్కడికొచ్చిన కొత్తలో, వాన పడుతున్న ఒక ఆదివారం, పిల్లలు ఇంట్లో కుదురుగా ఉండకపోతే ఊళ్ళో మ్యూజియానికి తీసుకెళ్ళాను. అద్దాల పెట్టెలో ఓడ బొమ్మ. తెరచాప తాళ్ళూ, ఫిరంగులూ అన్నీ ఉన్నాయి, తెల్లగా మెరుస్తోంది. దంతమేమో అనుకున్నా. కింద చీటీ చదివితే ఎముకట. మా ఊరికి కొద్ది మైళ్ళ దూరంలో, ఇప్పటి ఏ వన్ రోడ్డు పక్కన, నార్మన్ క్రాస్ అనే చోట 1797లో ఇంగ్లీషు వాళ్ళు యుద్ధ ఖైదీల కోసమే కర్రతో ఒక ఊరంత శిబిరం కట్టారు. ఒక్కోసారి ఐదారు వేల మంది ఉండేవాళ్ళు. కూరలో వచ్చిన ఎముకలని ఉడకబెట్టి, గీకి, సానబెట్టి ఓడలూ డామినో బిళ్ళలూ చేసేవాళ్ళు. గేటు దగ్గర సంత జరిగేది, అక్కడ అమ్ముకునేవాళ్ళు. గడ్డి పరకలకి రంగులేసి పెట్టెల మీద బొమ్మలు అతికేవాళ్ళు. టోపీలకి వాడే గడ్డి జడలు అల్లడం మాత్రం నిషేధం, ఇక్కడి అల్లికవాళ్ళ పొట్ట కొడుతున్నారని గొడవ అయింది. అయినా దొంగచాటుగా అల్లారు. దొంగ నోట్లు గీసినవాళ్ళూ ఉన్నారు, చేతిలో పనితనం ఉంటే ఊరుకుంటుందా?

అక్కడ దాదాపు 1,770 మంది చనిపోయారు, ఎక్కువమంది 1800–01లో వచ్చిన ఒక్క జ్వరానికే. వాళ్ళ గుర్తుగా 1914లో రాతి స్తంభం మీద కంచు గద్దని నిలబెట్టారు. 1990లో దాన్ని ఎవరో ఎత్తుకుపోయారు, 2005లో కొత్త గద్దని పెట్టారు. డ్యూటీకి వెళ్ళే దారిలో నాకు కనిపిస్తూ ఉంటుంది. అందరూ కళాకారులేమీ కాదు. ఇంగ్లండ్‌లోనే ఇంకో చోట, ఖైదీలని ఉంచిన డార్ట్‌మూర్ జైల్లో, జూదంలో బట్టలు, దుప్పటి, చివరికి రేపటి రొట్టె కూడా పోగొట్టుకుని, పై అటక మీద బరిబాతల పడుకునే గుంపు ఒకటుండేది. వాళ్ళకి వాళ్ళు పెట్టుకున్న పేరు "రోమన్లు".

స్లైడు కింద జవాబు:

నేను వైజాగ్‌లో మైక్రోబయాలజీ చెప్తాను. నెపోలియన్ గురించి పెద్దగా తెలియదు, ఆయన సైన్యాన్ని చంపినవాటి గురించి కొంచెం తెలుసు.

2001లో లిథువేనియా రాజధాని విల్నియస్‌లో పాత సైనిక బ్యారక్‌ల చోట కొత్త కట్టడాలకి తవ్వుతుంటే ఒక పెద్ద గుంత బయటపడింది. మూడు వేల మందికి పైగా అస్థిపంజరాలు. గుండీలూ నాణేలూ చూసి 1812 డిసెంబరులో రష్యా నుంచి వెనక్కొచ్చిన దండని తేల్చారు. ఎక్కువమంది కుర్రాళ్ళే. అప్పటికే, డిసెంబరు 5న, చక్రవర్తిగారు స్లెడ్జి బండెక్కి పారిస్ వెళ్ళిపోయారు, వీళ్ళు మాత్రం ఆ ఊరిదాకా ఈడ్చుకొచ్చి అక్కడ పడిపోయారు.

పంటి లోపలి గుజ్జులో, మనిషి చనిపోయేటప్పుడు రక్తంలో ఉన్న సూక్ష్మజీవుల డీఎన్ఏ కొంత మిగులుతుంది. 2006లో వచ్చిన పరిశోధనలో పేల వల్ల వచ్చే టైఫస్, ట్రెంచ్ ఫీవర్ ఆనవాళ్ళు దొరికాయన్నారు. 2025లో ఇంకో బృందం, మెరుగైన పద్ధతిలో, 13 మంది పళ్ళు తీసి చూసింది. వాళ్ళలో టైఫస్ కనపడలేదు. పారాటైఫాయిడ్ కనపడింది, పేలే మోసే తిరగబెట్టే జ్వరం కనపడింది. పదమూడు మందిని చూసి మూడు వేల మంది సంగతి తేల్చలేం, కాబట్టి టైఫస్ లేనే లేదనుకోవద్దు.

నాకు నచ్చింది వేరే ముక్క. ఆ సైన్యంలో కిర్కాఫ్ అనే వైద్యుడు ఉండేవాడు. ఓర్షా ఊరి నుంచి విల్నా (అదే ఇప్పటి విల్నియస్) దాకా దాదాపు ప్రతి ఇంట్లోనూ ఉప్పు నీళ్ళలో ఊరేసిన బీట్‌రూట్ పీపాలు ఉండేవనీ, దాహంతో ఉన్నవాళ్ళు ఆ దుంపలు తిని, ఆ నీళ్ళు తాగి, కడుపులు చెడగొట్టుకున్నారనీ రాశాడు. పారాటైఫాయిడ్ వచ్చేది కలుషితమైన తిండి, నీళ్ళ వల్లే. బీట్‌రూటే కారణమని ఎవరూ నిరూపించలేరు. వాల్టర్ గుడ్డతో పీల్చిన నీళ్ళ గురించి చదివాక నాకైతే ఆ పళ్ళ రిపోర్టు ఆశ్చర్యం కలిగించలేదు. పురుగుని గుడ్డ ఆపుతుంది, బ్యాక్టీరియాని ఆపదు.

మాధవరం మనవడు:

ఇద్దరికీ చాలా థాంక్స్ అండి. డాక్టరు గారూ, మీరు డాక్టరో కాదో తెలియదు గానీ అలాగే పిలుస్తాను. ఆ పేల సంగతి చదివి అమ్మకి ఫోన్ చేశాను. తాతయ్య ఇంటికొచ్చిన రోజు బట్టలన్నీ పెరట్లోనే విప్పించి తగలబెట్టారట. ఈ ముక్క ఆయన ఎప్పుడూ చెప్పలేదు.

యానాం గాలి జవాబు:

నేను యానాంవాణ్ణి, ఫ్రెంచి చెప్పి రిటైరయ్యాను. మా ఊరు కూడా ఆ యుద్ధాల్లో ఖైదీయే లెండి. 1793లో ఇంగ్లీషు వాళ్ళు పట్టుకుని, యుద్ధాలన్నీ అయ్యేదాకా వదల్లేదు.

నేన్ నది గారి "కడుపు లెక్క" బావుంది. కానీ దానికో చిల్లు ఉంది. రాబర్ట్ గిల్మార్ అనే సార్జెంటు పేరుతో 1820లలో ఒక ఆత్మకథ వచ్చింది. ట్రఫాల్గర్ సముద్ర యుద్ధంలో ఇంగ్లీషు నౌకాదళపతి నెల్సన్‌ని కాల్చింది నేనే అంటాడు. తర్వాత స్పెయిన్‌లో ఖైదీ, కబ్రేరా ద్వీపం, రష్యా, అబ్బో, ఎక్కడ ఏది జరిగితే అక్కడ ఆయనుంటాడు. జనం ఎగబడి చదివారు. కొన్నేళ్ళకి దాన్ని రాసిన లార్డియే అనే ఆయనే ఒప్పుకున్నాడు, అలాంటి సార్జెంటే లేడు, అంతా అల్లిందేనని. మరి ఆ దొంగ పుస్తకంలో కూడా ఆకలి ఉంది, మురికి ఉంది. ఆకలిని కూడా అరువు తెచ్చుకోవచ్చండీ.

గార్నరే అనే ఫ్రెంచి నావికుడి సంగతి చూడండి. 1806లో ఇంగ్లీషు వాళ్ళకి దొరికి, 1814 దాకా పోర్ట్స్‌మత్‌లో తెరచాపలు పీకేసిన పాత ఓడల్లో ఖైదీగా ఉన్నాడు. ఇది నిజం. అక్కడే బొమ్మలు గీసి అమ్ముకున్నాడు, తర్వాత పేరున్న చిత్రకారుడయ్యాడు. కానీ దాదాపు నలభై ఏళ్ళ తర్వాత రాసేటప్పుడు ఆ ఓడలకి కూడా రంగులు బాగా దట్టించాడు. కడుపు మాడిందన్నది నిజమే, ఎంత మాడిందన్న దగ్గర కుంచె పనిచేసింది.

అందుకే నా పద్ధతి వేరు. ఒకరినొకరు చూసి రాయనివాళ్ళు నలుగురు ఒకే చోటు గురించి ఏం చెప్పారో పక్కపక్కన పెట్టుకుంటాను. అలా చదవడానికి కబ్రేరాని మించింది లేదు.

1808 జులైలో స్పెయిన్‌లోని బైలెన్ దగ్గర జనరల్ ద్యుపోన్ పదిహేడు వేల మందికి పైగా సైన్యంతో లొంగిపోయాడు. ఓడలెక్కించి ఫ్రాన్స్ పంపుతామని ఒప్పందం రాసుకున్నారు. ఆ మాట నిలబడలేదు. చాలామందిని ముందు కాడిజ్ రేవులో పాత ఓడల్లో కుక్కారు. 1809 మే నుంచి వేల మందిని స్పెయిన్ వాళ్ళ మయోర్కా ద్వీపం పక్కనున్న కబ్రేరా అనే రాతి దిబ్బ మీద దించారు. ఒక పాడుబడ్డ కోట, మేకలు, కాసిన్ని పొదలు, ఒకే ఒక్క సన్నటి ఊట. జైలు గోడలు కట్టలేదు, సముద్రమే గోడ. నాలుగు రోజులకోసారి మయోర్కాలోని పాల్మా రేవు నుంచి రొట్టెల పడవ వచ్చేది. 1810లో ఒకసారి ఆ పడవ రోజుల తరబడి రాలేదు. మోతకి ఉంచుకున్న ఒక్క గాడిదనీ కోసుకుని, వేలమంది పంచుకున్నారు. మనిషికి ఎంత వచ్చి ఉంటుందో మీరే లెక్కేసుకోండి.

వాగ్రే అనే కార్పొరల్‌కి ఊట దగ్గర కాపలా పని. తోసుకోకుండా వరసలో నిలబెట్టడం, చుక్క వృథా కాకుండా చూడడం. మన కుళాయి దగ్గర బిందెల గొడవ తీర్చే పెద్దమనిషి లాగన్నమాట. ఇంటికెళ్ళి పుస్తకం రాసినప్పుడు కూడా తన పేరు పక్కన "ఊట కార్పొరల్" అనే పెట్టుకున్నాడు. గార్డు నావికుడు డ్యుకోర్ వేరేగా రాశాడు, జిల్ అనే కుర్ర సిపాయి వేరేగా రాశాడు. అంకెలు కలవవు, తేదీలు కలవవు. కానీ గుడిసెల మధ్య అంగడి వీధికి "పలే రోయాల్" అని పేరు పెట్టుకోవడం దగ్గర కలుస్తారు. అది పారిస్‌లో షోకిలా రాయుళ్ళు తిరిగే చోటు! ఎండు బీన్సు గింజలే డబ్బు. ఎలుకని కూడా గింజలు లెక్కపెట్టుకుని అమ్ముకున్నారు. ఎండిపోయిన నీళ్ళ తొట్టిలో నాటకాలు ఆడారు. ఇవి నమ్ముతాను.

1814 మేలో ఓడలొచ్చి తీసుకెళ్ళేసరికి మిగిలింది మూడున్నర వేలు, కాస్త అటూ ఇటూగా. మిగతావాళ్ళంతా చనిపోలేదు. ఆఫీసర్లని ఇంగ్లండ్‌కి మార్చారు, కొందరు శత్రు సైన్యాల్లో చేరి బయటపడ్డారు, కొందరు పడవలు దొంగిలించి పారిపోయారు. చనిపోయినవాళ్ళూ వేలల్లోనే. ఎముకలు అలాగే పడి ఉంటే 1847లో ఫ్రెంచి నౌకాదళం వాళ్ళు వెళ్ళి, ఒకచోటికి చేర్చి స్తంభం కట్టారు. ఇంటికి చేరినవాళ్ళకి ఎవరూ దండలు వెయ్యలేదు. నెపోలియన్ దిగిపోయాడు, పాత రాజు వచ్చాడు, లొంగిపోయిన సైన్యం గురించి వినే ఓపిక ఎవరికుంది?

నేన్ నది ఒడ్డున:

మాస్టారూ, చిల్లు ఒప్పుకున్నాను. కానీ బీన్సు గింజలతో ఎలుక కొనడం కూడా కడుపు లెక్కే కదా! వాల్టర్ విషయంలో మాత్రం వెనక్కి తగ్గను. ఆయన బతికుండగా అది అచ్చే కాలేదు, అమ్ముకునే ఆలోచనే లేనివాడు దట్టించి ఏం చేసుకుంటాడు?

యానాం గాలి:

ముసలితనంలో కొడుక్కి గొప్పగా కనపడాలని ఎవరికుండదమ్మా. అయినా మొదట వాల్టర్‌నే చదవమనండి, నాదీ అదే ఓటు.

మాధవరం మనవడు:

వాల్టర్‌ని ఆర్డర్ పెట్టేశాను, శుక్రవారం వస్తుందట. కబ్రేరా గురించి ఫ్రెంచి రాకుండా చదవగలిగేవి ఉంటే మాస్టారు గారు చెప్పాలి.

ఈలోగా మాస్టారి పద్ధతి ఇంట్లోనే వాడి చూశాను. కొబ్బరి ముక్క కథ అమ్మని ఒకసారి, మావయ్యని ఒకసారి, ఒకరికి తెలియకుండా ఒకరిని అడిగాను. ఆరుగురు పంచుకున్నారని అమ్మ, నలుగురే అని మావయ్య. దొరికింది వంటశాల వెనకని అమ్మ, రైలు పెట్టెలో అని మావయ్య. పంచింది తాతయ్యేనని అమ్మ, ఎవరో తమిళ హవల్దారని మావయ్య. దేంతో కోశారని అడిగితే మాత్రం ఇద్దరూ ఒకటే చెప్పారు. కత్తులు లాగేసుకున్నారు కాబట్టి, బెల్టు బకిలు రాయి మీద అరగదీసి, దాంతోనట.